పనే ఆయువు: మదురై నడిబొడ్డు కట్టడాలు

పోయినవారి పేరున ఏటా ఒక సభ పెట్టుకుంటున్నామంటే, వాళ్లు మన చేతుల్లో పెట్టి వెళ్లినవాటిని మనమేం చేస్తున్నామో ఏడాదికొకసారి లెక్క చూసుకుంటున్నామనే నా ఉద్దేశం. అలా చేతుల్లో పెట్టి వెళ్లినవాటిలో అన్నిటికన్నా పెద్దవి ఊళ్లు. అందుకే ఈసారి మదురై నడిబొడ్డును విషయంగా ఎంచుకున్నాను. మీనాక్షి అమ్మవారి గుడిని చుట్టుకుని ఒకదాని వెలుపల ఒకటిగా సాగే చిత్తిరై, ఆవణిమూల, మాసి, వెళి వీధులు. వాటి నడుమా అంచునా ఉన్న పుదుమండపం, రాయగోపురం, తిరుమల నాయకుడి మహల్, మంగమ్మ సత్రం. శివకాశి పక్కనున్న ఈ తిరుత్తంగల్‌లో సభ పెట్టి మదురై సంగతి ఎందుకని అడగవచ్చు. విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నాయుళ్లు, రెడ్డియార్లు, రాజకంబళం నాయకర్లు, దేవాంగులు, అరుంధతీయులు, ఇలా ఎవరి కథ వాళ్లకుంది. ఆ కథల్లో చాలావాటిని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మదురై కోటగుమ్మం తగులుతుంది. కాబట్టి ఆ నడిబొడ్డు మనకు పరాయిది కాదు. అయితే అది మనదని గొప్ప చెప్పుకోవడానికి మాత్రం నేను రాలేదు. దాన్నుంచి ఒక పాఠం తీసుకోవచ్చని చెప్పడానికి వచ్చాను.

ఆ పాఠం ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. దాదాపు ఒకే కాలంలో, ఒకే వంశం వాళ్లు, అదే రాయి, అదే ఇటుక, అదే సున్నంతో కట్టించినవాటిలో కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఆనవాలు లేకుండా పోయాయి. ఎందుకు? కట్టుబడి గట్టిదైతే నిలుస్తుందంటారు. రాజు అండ ఉంటే నిలుస్తుందంటారు. జనానికి భక్తి ఉంటే నిలుస్తుందంటారు. ఇవేవీ అబద్ధాలు కావు గానీ, మదురైలో ఒక్కొక్క కట్టడం దగ్గరా ఆగి చూస్తే ఇవేవీ చాలవు. గట్టి కోట నేలమట్టమైంది. రాజు ఎంతో ముచ్చటపడి కట్టించిన భవనంలో ముప్పాతిక వంతు మాయమైంది. దేవుడి పేరున మొదలైన గోపురం మొండిగోడలతో ఆగిపోయింది. నాకు తోచిన జవాబు ఇది: కట్టడానికి ఆయువు పోసేది దానికున్న పని. ఊరికి దానితో రోజూనో, ఏటా ఒకసారో తప్పనిసరి అవసరం ఉన్నంతకాలం దాన్ని ఎవరో ఒకరు నిలబెడతారు. ఆ అవసరం తీరిపోయిన నాటినుంచి అది రాళ్ల కుప్పే, కాకపోతే ఆ సంగతి బయటపడటానికి కొంత కాలం పడుతుంది. ఈ మాటను ముందు సాక్ష్యాలతో నిలబెట్టి, తరువాత దానిమీద వచ్చే అభ్యంతరాలకు సమాధానం చెప్పుకుందాం.

మొదటి సాక్ష్యం వీధులే. 1529 ప్రాంతంలో మదురైలో నాయకరాజుల ఏలుబడికి పునాది వేసిన విశ్వనాథ నాయకుడి కాలంలో నగరానికి ఈ రూపం దిద్దారని చరిత్రకారులు చెబుతారు. గుడి నట్టనడుమ ఉంటుంది. దాని చుట్టూ చదరపు వరుసల్లో వీధులు, వాటిలో చాలావాటికి తమిళ నెలల పేర్లు. ఏ నెల ఉత్సవం ఏ వీధిలో తిరగాలో ఆ పేరే చెబుతుంది. అయితే మాసి వీధుల్లో తిరిగే రథోత్సవం ఇప్పుడు చిత్తిరై నెలలో జరుగుతోంది. మీనాక్షి కల్యాణాన్ని అళగర్ ఉత్సవంతో కలిపి ఒకే పండగగా చేసింది తిరుమల నాయకుడని మదురై వాళ్లంతా చెప్పుకుంటారు. నెల మారినా వీధి మారలేదు. ఈ మాసి వీధులను నిలబడి చూడండి. రెండు పక్కలా బట్టల కొట్లు, పాత్రల కొట్లు, కిరాణా టోకు వ్యాపారాలు. అడుగు స్థలానికి ఎంత విలువో అందరికీ తెలుసు. అయినా నాలుగు మూలల్లో రథం మలుపు తిరగడానికి కావలసిన జాగాను ఎవరూ పూర్తిగా మింగలేకపోయారు. ఏ పురావస్తు శాఖా అక్కడ బోర్డు పెట్టి కాపలా కాయలేదు. ఏడాదికొక్కసారి వచ్చే రథమే ఆ వెడల్పును కొలిచి చూసుకుంటుంది. కొట్టు ముందు రేకు ఒక అడుగు ముందుకు వస్తే ఆ ఏడు రథం దానికి తగులుతుంది, ఆ రేకు వెనక్కి పోతుంది. వీధికి పని ఉంది, కాబట్టి వీధి మిగిలింది.

రెండో సాక్ష్యం దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. అదే నాయకుల కాలంలో నగరం చుట్టూ రెండు వరుసల కోటగోడ, దానికి 72 బురుజులు, చుట్టూ అగడ్త వెలిశాయి. బురుజుకొక పాలెగాడు చొప్పున 72 పాళెయాలకు కాపలా బాధ్యత పంచారని ప్రసిద్ధి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి వంటి మన పక్క పాళెయాల పేర్లు విన్నప్పుడల్లా ఈ ఏర్పాటు గుర్తుకు రావాలి. ఆ గోడను నిలబెట్టింది రాయి ఒక్కటే అనుకుంటే పొరపాటు. దాన్ని కాపాడే బాధ్యత ఉన్న పాలెగాళ్లు, వాళ్ల మనుషులు ఉన్నారు. 1801 నాటి యుద్ధంతో పాలెగాళ్ల బలం ముగిసింది. కాపలా కాసేవారూ లేరు, కాపాడవలసిన శత్రుభయమూ లేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు తిరిగే సరికి, కలెక్టరు బ్లాక్‌బర్న్ హయాంలో కోటను పడగొట్టి, అగడ్తను పూడ్చి, దానిమీద వెళి వీధులు వేశారు. పూడ్చడానికి ముందుకు వచ్చినవారికి అక్కడే స్థలాలిచ్చారు. ఆ పని నడిపించిన పెరుమాళ్ మేస్త్రీ, సర్వేయరు మారెట్ పేర్లు ఇప్పటికీ వీధులకు ఉన్నాయి. బ్లాక్‌బర్న్ జ్ఞాపకార్థం నిలిపిన దీపస్తంభం, జనం విళక్కుత్తూణ్ అనేది, నేటికీ బజారులో ఒక కూడలి గుర్తు. కోటలో మిగిలింది పెరియార్ బస్టాండు దగ్గరి పాత గుమ్మం వంటి ఒకటి రెండు తునకలే. నగరానికి అన్నిటికన్నా గట్టిగా కట్టింది దాదాపు పూర్తిగా పోయింది.

మూడో సాక్ష్యం మహల్. తిరుమల నాయకుడు (పాలన 1623–1659) రాజధానిని తిరుచ్చి నుంచి మదురైకి మార్చి 1636లో పూర్తి చేయించిన భవనం ఇది. స్వర్గవిలాసం, రంగవిలాసం అని రెండు పెద్ద భాగాలుండేవి. ఇవాళ మనం టికెట్టు కొని చూసేది స్వర్గవిలాసపు చావడి, దానికి ఆనుకున్న నాట్యశాల, మొత్తం మీద అసలు భవనంలో నాలుగో వంతు మించదు. రాజు మనుమడు చొక్కనాథుడు రాజధానిని మళ్లీ తిరుచ్చికి మార్చుకున్నప్పుడు ఇక్కడి సామగ్రిని ఒలిచి తరలించాడు. అంటే భవనాన్ని మొదట కూల్చింది శత్రువులు కారు. దానికి పని లేకుండా చేసిన సొంత వంశమే. రంగవిలాసం చోట ఇప్పుడు ఇళ్లు, వీధులు, పట్టు నేత వ్యాపారం చేసే సౌరాష్ట్రుల లోగిళ్లు. దాని గుర్తుగా ఒక సన్నని సందులో పది రాతి స్తంభాలు కరెంటు తీగల మధ్య, ఇళ్ల గోడల మధ్య ఎత్తుగా నిలబడి ఉన్నాయి. మోయడానికి వాటికి పైకప్పు లేదు. జనం ఆ సందును పత్తుత్తూణ్ సందనే పిలుస్తారు. మరి మిగిలిన నాలుగో వంతు ఎందుకు మిగిలింది? 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు దానికి మరమ్మతు చేయించాడు, చిజమ్ అనే వాస్తుశిల్పి ఆ పని చూశాడు. మరమ్మతు చేయించడానికి అందం ఒక్కటే కారణం కాదు. జిల్లా కోర్టుకు చోటు కావాలి. కోర్టు అక్కడ 1970 దాకా నడిచింది. తీర్పులు చెప్పే చోట కప్పు కారకూడదు కాబట్టి కప్పు నిలిచింది.

నాలుగో సాక్ష్యంగా ఎదురెదురుగా నిలిచిన జంటను చూద్దాం. తూర్పు గోపురం ఎదుట తిరుమల నాయకుడే కట్టించిన పుదుమండపం ఉంది: 333 అడుగుల పొడవు, 105 అడుగుల వెడల్పు, 124 శిల్ప స్తంభాలు. నడిమి వరుసలో విశ్వనాథుడి నుంచి తిరుమలుడి వరకు పదిమంది నాయకుల నిలువెత్తు విగ్రహాలు చేతులు జోడించి నిలబడతాయి. తిరుమలుడి బొజ్జను కూడా శిల్పి దాచలేదు. ఇది వసంత మండపం; వైకాశి నెలలో స్వామివారు ఇక్కడికి వేంచేసి విశ్రమిస్తారు, ఎండ తాపం తగ్గేలా చుట్టూ నీళ్లు నింపేందుకు కాలువ ఉంది. దాని తూర్పున రాయగోపురం. అన్ని గోపురాలకన్నా పెద్దది కావాలని మొదలుపెట్టింది, పీఠం, ద్వారపు రాళ్లు లేచాయి, అక్కడితో ఆగింది. ఒకే రాజు, ఒకే రాయి, నడుమ ఒక వీధి దూరం. ఒకదానికి ఏటా దేవుడు వస్తాడు. రెండోదాని కింది నుంచి ఏ ఊరేగింపూ గుడిలోకి దారి తీయలేదు. మొదటిదాన్ని కాపాడాలని నగరం మాటిమాటికీ తగవులాడుకుంటుంది. రెండోది గోపురంగా పుట్టకముందే కొట్లకు గోడగా మారింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, అది చిన్నది కాదు. పనే కట్టడాన్ని కాపాడితే, పనిలో ఉన్న కట్టడాలే ఎందుకు పాడవుతున్నాయి? పుదుమండపంలో తరతరాలుగా కుట్టుమిషన్లు, గాజులు, పుస్తకాలు, స్టీలు పాత్రలు, కుంకుమ కొట్లు నడిచాయి. యాళి అనే శిల్పమృగం నోటికి తాడు కట్టి బట్టలు వేలాడదీశారు, విగ్రహాల మోకాళ్ల దాకా అట్టపెట్టెలు పేర్చారు. ఇంకా బాధాకరమైనది 2018 ఫిబ్రవరి 2 రాత్రి. మీనాక్షి గుడి తూర్పు వైపున్న వీరవసంతరాయ మండపంలోని కొట్లలో నిప్పంటుకుంది, నల్లరాతి స్తంభాలు పగిలాయి, కప్పు కూలింది. దీన్ని చూసినవారు, ‘పని పేరుతో జరిగింది నాశనమే కదా; అందుకే తాళం వేసి ఉంచడం మేలు’ అంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. పుదుమండపం కొట్లను ఇటీవలి సంవత్సరాల్లో కున్నత్తూర్ సత్రానికి తరలించడం కూడా సబబే.

అయితే ఈ అభ్యంతరం నా మాటను కొట్టివేయదు, దానికి ఒక గీత గీస్తుంది. కట్టడంలో జరిగే ప్రతిదీ కట్టడపు పని కాదు. తేడా తెలుసుకోవడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలు: ఈ పని రేపు కూడా సాగాలంటే ఈ కట్టడం చెక్కుచెదరకుండా ఉండాలా? రథం సాగాలంటే మాసి వీధి వెడల్పు ఉండాలి. వసంతోత్సవం సాగాలంటే పుదుమండపపు నడిమి వరుస, నీటి కాలువ ఉండాలి. కానీ గాజుల కొట్టుకు ఆ స్తంభమే ఉండనక్కరలేదు, ఏ రేకుల షెడ్డైనా చాలు. స్తంభం విరిగితే దర్జీ పక్క సందులోకి మారతాడు, దేవుడు మారలేడు. కట్టడం మీద ఆధారపడ్డ పని దాన్ని కాపాడుతుంది. కట్టడాన్ని కేవలం గోడగా, నీడగా వాడుకునే పని దాన్ని తింటుంది. ఈ కొలతతో చూస్తే మహల్‌లోని కోర్టుది నడిమి తరగతి: దానికి పైకప్పు కావాలి, కానీ ఆ సున్నపు పూలే కావాలన్న నియమం లేదు. అందుకే అది భవనాన్ని కాపాడింది గానీ, అందాన్ని పూర్తిగా కాపాడలేదు. ఇక వేరే పనేమీ లేకుండా చూపులకే మిగిలిన స్తంభాల మీద సందర్శకులు తమ పేర్లూ ప్రేమలూ గీకి వెళ్లారంటే, కాపలావాళ్లు ఉన్నా అక్కడ ఆ కట్టడం అవసరమైనవారు లేరన్నమాట.

ఈ కొలతకు నిలిచే పెద్ద ఉదాహరణ మదురైలో ఎవరూ ఆగి చూడనిది: రైల్వే స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం. మనుమడు విజయరంగ చొక్కనాథుడి తరఫున 1689 నుంచి రాజ్యం నడిపిన రాణి మంగమ్మ దారుల వెంట సత్రాలు, చెట్లు, బావులు ఏర్పాటు చేసిందని పేరు. ఆ సత్రం శిల్పాలకో విగ్రహాలకో పేరుపొందింది కాదు. కానీ ఊరికి వచ్చిన బాటసారికి ఒక రాత్రి తల దాచుకునే చోటివ్వడం దాని పని. బాటసారులు కాలినడక మాని రైలెక్కినా ఆ అవసరం తీరిపోలేదు. మరొకటి మేలమాసి వీధిలోని 251ఏ నంబరు ఇల్లు. 1921 సెప్టెంబరు 22న గాంధీజీ చొక్కా, టోపీ విడిచి కొల్లాయి కట్టుకున్నది ఆ ఇంటి మేడ మీదే. ఆ ఇల్లు గాజుపెట్టెలో పెట్టిన వస్తువు కాలేదు. అక్కడ ఖాదీ కొట్టు నడిచింది. గాంధీ అక్కడ చేసిన నిర్ణయం బట్ట గురించి. ఆ ఇంట్లో సాగుతున్న పనీ బట్టే. కొన్నవాడికి చరిత్ర గుర్తున్నా లేకున్నా ఆ ఇంటికి పని దొరికింది.

రెండో అభ్యంతరం చదువుకున్నవారి నుంచి వస్తుంది. పని పోయినా మ్యూజియంలో పెట్టి కాపాడుకోవచ్చు కదా? దీనికీ మదురైలోనే సాక్ష్యం ఉంది. మదనగోపాలస్వామి ఆలయానికి చెందిన పదహారో శతాబ్దపు మండపం ఒకటి ఇప్పుడు అమెరికాలో ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో నిలబడి ఉంది. 1912లో ఎడలిన్ పెప్పర్ గిబ్సన్ అనే ఆమె ఆ స్తంభాలను కొని పంపింది. ఆమె మరణానంతరం 1919లో ఆ కుటుంబం మ్యూజియానికిచ్చింది. న్యాయంగా మాట్లాడాలి: ఆ రాళ్లు అప్పటికే మండపంగా లేవు, విడదీసి పడేసి ఉన్నాయి. కొనకపోతే పునాదుల్లోకో, మెట్లలోకో పోయేవి. అక్కడ వాటిని చక్కగా చూసుకుంటున్నారు. కాబట్టి మ్యూజియాన్ని తప్పుపట్టను. అది చివరి ఆశ్రయం. చివరి ఆశ్రయాన్ని మొదటి విధానంగా పెట్టుకోవడం మాత్రం తప్పు. ఫిలడెల్ఫియాలో ఆ స్తంభాల గురించి చెప్పడానికి పక్కన ఒక పలక కావాలి. మదురైలో పనిలో ఉన్న మండపానికి పలక అక్కరలేదు, స్వామి ఎక్కడ ఆగుతాడో చిన్నపిల్లవాడు చూపిస్తాడు.

మూడో అభ్యంతరమే అన్నిటికన్నా లోతైనది. పని, పని అంటున్నారు. ఆ పని ఎవరి కోసం జరిగింది? రథం తిరిగిన ఆ వీధుల మధ్యనే ఆ గుడి వందల ఏళ్లు ఎందరికో తలుపు మూసుకుని ఉంది. నాయకుల వెంట ఈ నేలకు వచ్చి ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునే అరుంధతీయులు ఆ మూసిన తలుపు బయటే నిలిచారు. మన పక్క శివకాశిలో 1899లో జరిగిన ఘోరమైన అల్లర్ల మూలంలో నాడార్ల ఆలయ ప్రవేశ వివాదమే ఉంది. కముది గుడి వ్యాజ్యం 1908లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి నాడార్లకు వ్యతిరేకంగా తేలింది. అలాంటి పనిని కాపాడుకోవాలా అని అడిగితే, ‘యథాతథంగా వద్దు’ అన్నదే నా జవాబు. 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్ నాయకత్వంలో దళితులు, నాడార్ ప్రతినిధి కలిసి మీనాక్షి గుడిలో అడుగుపెట్టారు. వారిలో తరువాత మంత్రి అయిన కక్కన్ ఒకరు. అప్పటి ఆలయ కార్యనిర్వహణాధికారి ఆర్.ఎస్. నాయుడు తలుపులు తెరిచే పక్షాన నిలబడ్డారు. ఆ రోజు గుడిలో ఒక్క రాయీ కదలలేదు. పనిలో మాత్రం పెద్ద మార్పు వచ్చింది, ఆ మార్పే గుడికి కొత్త ఆయువు పోసింది. కట్టడాన్ని వాడుకునే హక్కున్నవారు పెరిగినకొద్దీ దాన్ని నిలబెట్టే చేతులు పెరుగుతాయి. కొందరికే పనికొచ్చే కట్టడానికి ఆ కొందరు పోతే దిక్కుండదు. పాలెగాళ్ల కోట కథ అదే చెప్పింది.

మిగిలింది నాలుగో అభ్యంతరం: ఇది తమిళ నగరం, పాండ్యుల నేల, అక్కడ తెలుగు నాయకుల పేరెత్తడం వల్ల ఏం లాభం? పేరు ఎక్కించుకోవడానికైతే ఏ లాభమూ లేదు. తూర్పు గోపురం పాండ్యులది. దక్షిణ గోపురాన్ని 1559లో కట్టించింది సిరామలై సెవ్వంది మూర్తి చెట్టియార్. వెయ్యికాళ్ల మండపం 1569లో కట్టించింది అరియనాథ ముదలియార్. తెలుగువాళ్లు కట్టించిన మండపాల్లోనూ చేయి తమిళ శిల్పులది, భాష తమిళ పండగలది. కృష్ణదేవరాయలు ఇక్కడి శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథను ఆముక్తమాల్యదగా తెలుగులో రాసినప్పుడు శ్రీవిల్లిపుత్తూరును తెలుగు ఊరు చేయలేదు, తెలుగునే అక్కడి భక్తిలో భాగం చేశాడు. కట్టడం విషయంలోనూ అంతే. ఎవరు కట్టించారన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుంది, అదీ చచ్చినవారి జవాబు. ఎవరు వాడుతున్నారన్న ప్రశ్నకు జవాబు రోజూ పెరుగుతుంది, అందులో మనకూ చోటుంటుంది.

ఇప్పుడు ఈ ఊరికే వద్దాం. తిరుత్తంగల్ 108 దివ్యదేశాల్లో ఒకటి. శిలప్పదికారంలోనే తంగాల్‌గా ఈ ఊరి పేరుంది. ఒకే కొండ మీద నిన్ఱ నారాయణ పెరుమాళ్, కరునెల్లినాథస్వామి కొలువై ఉన్నారు. ఏటా ఆడి నెలలో గోదాదేవి పుట్టిన పండగకు శ్రీవిల్లిపుత్తూరులో జరిగే అయిదు గరుడ సేవల్లో మన తిరుత్తంగల్ అప్పన్‌ది ఒకటి. ఆ ఒక్క సేవ కోసం వాహనం, పల్లకి, దిగే మండపం, నడిచే వీధి, మోసే భుజాలు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఎక్కడ ఏది చెడితే అది అప్పుడే తెలుస్తుంది. అందుకని మూడు పనులు సూచిస్తాను. ఏ పాత కట్టడానికైనా మరమ్మతు అంచనా వేసే ముందు దానిలో ఏ పని సాగుతోందో, ఏది ఆగిపోయిందో, ఎప్పుడు ఆగిందో వీధి పెద్దలను, కొట్టువాళ్లను, మోసేవాళ్లను అడిగి ఒక జాబితా రాయాలి. రెండోది, అందులో కట్టడం మీద ఆధారపడ్డ పనులను, దాన్ని తింటున్న పనులను వేరుచేసి, రెండో రకానికి పక్కనే వేరే చోటు చూపాలి. ఖాళీ చేయించి ఊరుకుంటే కుదరదు, వాళ్ల బతుకూ ఆ వీధిలోదే. మూడోది, ఆగిపోయిన ప్రతి పనికీ తాళం బదులు తగిన కొత్త పని వెతకాలి: బడి పిల్లలకు చదువుకునే గది కావచ్చు, ప్రయాణికులకు నీడ కావచ్చు, తెలుగు తమిళ పుస్తకాలు దొరికే గ్రంథాలయం కావచ్చు. మదురై నాయకులు తమ విగ్రహాలను రాతిలో చెక్కించుకున్నారు గానీ, వాటిని ఇప్పటిదాకా నిలబెట్టింది ఆ రాయి కాదు, వైకాశి వసంతోత్సవం. ఈ లెక్క తెలిసిన ఊరు తన కట్టడాలకు నిధులకన్నా ముందు పని చూపిస్తుంది. అప్పుడు నిధులు అడిగే గొంతులు కూడా వాటంతట అవే పుడతాయి.